మీకు తెలుసా? కొలిచింది కొందరినే, బాంబు ముందు నిలబడ్డవాళ్లు లక్షలు

1945 నుంచి 1962 దాకా అమెరికా భూమి మీద, ఆకాశంలో, సముద్రంలో రెండు వందలకు పైగా అణుబాంబులు పేల్చి చూసింది. ఆ పరీక్షల దగ్గర డ్యూటీ చేసిన సైనికులు, నావికులు, వైమానికులు రెండు లక్షలకు పైమాటే. బ్రిటన్, సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ కూడా తమ కుర్రాళ్లను అలాగే నిలబెట్టాయి. వాళ్లలో ఎవరి ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో చెప్పాల్సిన కాగితాలు ఉండాలి కదా! ఆ కాగితాల కథే ఈసారి.

చొక్కాకు తగిలించిన ఫిల్మ్ ముక్క

పంటి ఎక్స్‌రే కోసం డాక్టరు నోట్లో పెట్టే చిన్న ఫిల్మ్ గుర్తుందా? ఫిల్మ్ బ్యాడ్జి దాదాపు అదే. వెలుతురు సోకకుండా ఫిల్మ్ ముక్కను కాగితంలో చుట్టి, మీద కొంతభాగానికి సీసపు రేకు మడిచి, చొక్కాకు తగిలించేవాళ్లు. గామా కిరణాలు తగిలేకొద్దీ ఫిల్మ్ నల్లబడుతుంది. పని అయ్యాక దాన్ని వెనక్కి తీసుకుని, కడిగి, ఎంత నల్లబడిందో యంత్రంతో కొలిచి, వచ్చిన అంకెను సిపాయి పేరున కార్డు మీద రాసేవాళ్లు.

ఈ ముక్కకు తెలియనివి చాలా ఉన్నాయి. ప్లుటోనియం వదిలే ఆల్ఫా కణాలు పలచటి కాగితాన్ని కూడా దాటలేవు, కాబట్టి ఫిల్మ్ దాకా రానేరావు. అదే ప్లుటోనియం ధూళి ఊపిరితో లోపలికి పోతే మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయి చుట్టుపక్కల కణాలను దెబ్బతీస్తూ ఉంటుంది. తిండితో, నీటితో లోపలికి పోయినదీ ఫిల్మ్‌కు అంతుపట్టదు. పసిఫిక్ దీవుల ఉక్కకూ తేమకూ ఫిల్మ్ పాడయ్యేది. నలుపు ఒక స్థాయికి తక్కువైతే యంత్రం పట్టలేదు, అప్పుడు కార్డు మీద సున్నా పడేది. ఆ సున్నాకు అర్థం యంత్రానికి అందలేదని మాత్రమే. ఏళ్ల తర్వాత ఆ కార్డు తీసి చూసిన గుమాస్తాకు మాత్రం అది ‘ఏమీ తగల్లేదు’ అన్నట్టే కనిపించేది. ఈ తేడా దగ్గరే వేలమంది పరిహారపు అర్జీలు ఆగిపోయాయి.

బాంబు సంగతి ముందుగా ఫిల్మ్ కంపెనీకే తెలిసింది

1945 జులై 16న న్యూమెక్సికో ఎడారిలో మొట్టమొదటి అణుబాంబు పేలింది. ప్రపంచానికి దాని గురించి తెలియదు. కొన్నాళ్లకు కొడాక్ కంపెనీ ఎక్స్‌రే ఫిల్మ్ మీద కారణం లేకుండా మచ్చలు కనిపించడం మొదలైంది. జూలియన్ వెబ్ అనే కొడాక్ శాస్త్రవేత్త ఆరా తీస్తే, తప్పు ఫిల్మ్‌లో లేదు, దాన్ని సర్దిన అట్టలో ఉంది. ఆ అట్ట ఇండియానా రాష్ట్రంలోని విన్సెన్స్ ఊళ్లో తయారైంది. పేలుడు జరిగిన చోటికి ఆ ఊరు వెయ్యి మైళ్లకు పైగా దూరం. గాలిలో కొట్టుకొచ్చిన బాంబు ధూళి వానతో నదిలో పడింది, ఆ నీళ్లతో మిల్లు అట్ట చేసింది, అట్టలోని రేడియోధార్మిక సీరియం ఫిల్మ్ మీద మచ్చలు పెట్టింది. వెబ్ దీన్ని 1949లో ప్రచురించాడు.

1951 జనవరిలో నెవాడాలో పరీక్షలు మొదలయ్యాయి. దేశానికి అవతలి కొసన, కొడాక్ ఊరైన రోచెస్టర్‌లో పడ్డ మంచు రేడియోధార్మికంగా ఉందని కంపెనీ కనిపెట్టింది. ఫిర్యాదు వెళ్లగానే పరీక్షలు నడిపే అమెరికా అణుశక్తి కమిషన్ దిగొచ్చింది. ఇకమీదట పరీక్షల సమాచారం ఫిల్మ్ కంపెనీలకు ముందుగానే చెబుతామని ఒప్పుకుంది. నెవాడా గాలివాటున ఉన్న పల్లెలకు అలాంటి హెచ్చరిక అందలేదు. ఫిల్మ్ చెడిపోతే కంపెనీ దావా వేస్తుంది. పల్లెల్లో పశువులు కాసుకునేవాడు ఏ కోర్టుకు వెళ్లగలడు? ఈ ఒక్క సంగతి చాలు, నాకు కోపం రావడానికి.

42,000 మందిలో బ్యాడ్జి ఎందరికి?

1946 జులైలో పసిఫిక్‌లోని బికినీ దీవుల దగ్గర ‘క్రాస్‌రోడ్స్’ పేరుతో రెండు బాంబులు పేల్చారు. పాత యుద్ధనౌకలను లంగరు వేసి పెట్టి, వాటిమీద బాంబు ప్రభావం చూడాలన్నది ఉద్దేశం. సుమారు 42,000 మంది పాల్గొన్నారు. ఫిల్మ్ బ్యాడ్జి ఇచ్చింది వాళ్లలో దాదాపు 15 శాతానికి. ప్రమాదం ఉన్నచోటికి వెళ్లేవాళ్లకు ఇస్తే చాలనుకున్నారు.

జులై 25న పేల్చిన రెండో బాంబు పేరు ‘బేకర్’. 27 మీటర్ల లోతున నీటిలో పేలింది. లక్షల టన్నుల నీరు పైకి లేచి, పొగమంచులా కిందికి దొర్లి, నౌకలన్నింటినీ రేడియోధార్మిక నీళ్లలో ముంచేసింది. ఆ తర్వాతి పని చాలామంది నావికులకు బతికున్నంతకాలం గుర్తుండిపోయింది. కుంచెలు, సబ్బు, కాస్టిక్ సోడా, గొట్టాలతో నీళ్లు తీసుకుని డెక్కులు రుద్దడం! ఎంత రుద్దినా రేడియేషన్ మీటరు దిగలేదు. రంగులోకి, తాళ్లలోకి, చెక్కలోకి, తుప్పులోకి రేడియోధార్మికత ఇంకిపోయింది. కుర్రాళ్లు ఎండలో చొక్కాలు విప్పి పనిచేశారు. సహాయక ఓడలు బాంబు పేలిన, దీవుల మధ్యనున్న అదే సరస్సు నీటిని కాచి మంచినీళ్లు చేసుకున్నాయి. ఓడల అడుగున పట్టిన నాచు కూడా రేడియోధార్మికత పోగుచేసుకుంది. బ్యాడ్జి లేని ఓడల మీద పడుకున్నవాళ్లకు ఇదంతా రోజువారీ బతుకు.

రేడియేషన్ భద్రత చూసిన డాక్టరు స్టాఫర్డ్ వారెన్ ఆపండి, ఆపండి అని మొత్తుకున్నాడు. అధికారులు నమ్మలేదు, కళ్లకు ఏమీ కనిపించడం లేదు కదా! చివరికి ఆయనకు ఒక ఫొటో అక్కరకొచ్చింది. సరస్సులో పట్టిన చేపను చీకట్లో ఫిల్మ్ మీద ఉంచితే, ఏ ఎక్స్‌రే యంత్రమూ లేకుండా, తన ఒంట్లోని రేడియోధార్మికతతోనే ఆ చేప తన బొమ్మను తానే గీసుకుంది. అది చూశాక, ప్లుటోనియం ఆనవాళ్లు కూడా బయటపడ్డాక, ఆ పరీక్షలను నడిపించిన అడ్మిరల్ బ్లాండీ ఆగస్టు 10న శుభ్రం చేసే పని ఆపించాడు. పేలుడు జరిగి అప్పటికి రెండు వారాలు దాటింది. అక్కడ పనిచేసిన డేవిడ్ బ్రాడ్లీ అనే డాక్టరు ఈ అనుభవాన్ని 1948లో పుస్తకంగా రాశాడు.

ఒక్కడి బ్యాడ్జి, అందరి లెక్క

నెవాడాలో ‘డెజర్ట్ రాక్’ పేరుతో సైన్యం శిబిరం వేసింది. 1951 నుంచి 1957 దాకా సిపాయిలను కందకాల్లో కూర్చోబెట్టి, బాంబు పేల్చి, తర్వాత లేపి ఆ దిక్కుగా కవాతు చేయించేవాళ్లు. అణుయుద్ధంలో సైనికుడు భయపడకుండా నిలబడతాడా లేదా చూడాలన్నది లెక్క. పేలుడు వెలుగులో కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు అడ్డుపెట్టుకున్నా తమ చేతి ఎముకలు కనిపించాయని చాలామంది మాజీ సైనికులు వేర్వేరు చోట్ల, వేర్వేరు ఏళ్లలో చెప్పారు.

చాలా దళాల్లో మనిషికొక బ్యాడ్జి లేదు. గుంపులో ఒకరిద్దరికి తగిలించి, వాళ్ల అంకెనే మిగతా అందరికీ రాసుకునేవాళ్లు. అందరూ ఒకే గీత మీద, ఒకే వేగంతో నడిచి, ఒకేచోట ఆగితే ఆ లెక్క కొంత నిలుస్తుంది. కానీ ఒకడు వంగి ధూళిలో పడ్డ హెల్మెట్ తీస్తాడు, ఇంకొకడు కాలిపోయిన ట్యాంకు మీద చేయి వేస్తాడు, మరొకడు ట్రక్కు వెనక దుమ్ములో కూర్చుని వస్తాడు. బ్యాడ్జి ఉన్నవాడు ముందు సీట్లో ఉంటే?

హద్దుల్లోనూ తేడా ఉంది. పరీక్షల చోట పనిచేసే తన సిబ్బందికి అణుశక్తి కమిషన్ పెట్టుకున్న హద్దు 3.9 రాంట్‌జన్లు (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం). 1953లో సిపాయిలకు సైన్యం పెట్టిన హద్దు 6. స్వచ్ఛందంగా ముందుకొచ్చి ఇంకా దగ్గరి కందకాల్లో కూర్చున్న అధికారులకు 10 దాకా అనుమతి ఇచ్చారు. అదే ఎడారిలో, అదే బాంబు ముందు!

బోర్డు మీద ఐదుగురు

1957 జులై 19న నెవాడా ఎడారిలో ఐదుగురు వైమానిక దళ అధికారులు ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డారు. పక్కన చేత్తో రాసిన బోర్డు: ‘గ్రౌండ్ జీరో, జనాభా 5’. వాళ్ల నెత్తిమీద సుమారు 18,500 అడుగుల ఎత్తున ‘జీని’ రాకెట్‌లోని 2 కిలోటన్నుల అణుబాంబు పేలింది. శత్రు విమానాల మీద ఇలాంటివి ప్రయోగించినా కింద ఉన్న జనానికి ముప్పు లేదని చూపించడానికి తీసిన సినిమా అది. అంత ఎత్తున పేలినందువల్ల నేల మీదివాళ్లకు తగిలిన మోతాదు తక్కువే, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే ఆ సినిమా తీయాలంటే కెమెరా పట్టుకుని ఎవరో ఒకరు అక్కడే నిలబడాలి కదా. నిలబడ్డాడు, జార్జ్ యోషిటాకే. బోర్డు మీది లెక్కలో ఆయన లేడు.

ఒక్క సార్జెంటు అర్జీతో తెరుచుకున్న తలుపు

1957 ఆగస్టు 31న నెవాడాలో ‘స్మోకీ’ అనే 44 కిలోటన్నుల బాంబు పేలింది. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత, అక్కడ ఉన్న ఒక మాజీ సార్జెంటు రక్తక్యాన్సర్‌తో ఆస్పత్రిలో చేరాడు. నాకు ఇది ఆ బాంబు వల్లే వచ్చిందని పట్టుబట్టాడు. అతణ్ని చూసిన డాక్టరు ద్వారా సంగతి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రానికి చేరింది. వాళ్లు స్మోకీకి హాజరైన 3,224 మందిని గుర్తించారు. అంతమందిలో మామూలుగా మూడు, నాలుగు రక్తక్యాన్సర్లు రావాలి. తొమ్మిది కనిపించాయి. 1980లో అచ్చయిన ఆ అధ్యయనం పెద్ద కలకలమే రేపింది.

ఈ గొడవ మొదలయ్యాకే, 1970ల చివర, రక్షణశాఖ అసలు ఎవరెవరు ఏ పరీక్షకు వెళ్లారో జాబితా కట్టే కార్యక్రమం మొదలుపెట్టింది. చివరి ఆరుబయలు పరీక్ష జరిగి అప్పటికి పదిహేనేళ్లు. జాబితా కట్టడం ఎంత కష్టమైందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఆ జాబితా ఆధారంగా 1985లో ఒక మరణాల అధ్యయనం వచ్చింది. తర్వాత చూస్తే, పరీక్షల గడప తొక్కనివాళ్లు వేలల్లో అందులో ఉన్నారు, నిజంగా వెళ్లినవాళ్లు అంతకంటే ఎక్కువమంది తప్పిపోయారు. పని మళ్లీ మొదటినుంచి చేయాల్సివచ్చింది.

సెయింట్ లూయిస్ మంట

1973 జులై 12, అర్ధరాత్రి దాటింది. సెయింట్ లూయిస్ శివార్లలో, దేశంలోని మాజీ సైనికుల సర్వీసు ఫైళ్లన్నీ దాచిన ఆరంతస్తుల భవనం. పై అంతస్తులో మంట లేచింది. ఫైళ్లున్న ఆ అంతస్తులో మంటలనార్పే నీటి గొట్టాల ఏర్పాటు లేదు. నలభైకి పైగా అగ్నిమాపక దళాలు వచ్చినా, పూర్తిగా ఆరిందని చెప్పడానికి నాలుగైదు రోజులు పట్టింది. 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల ఫైళ్లు పోయాయి. 1912 నుంచి 1959 దాకా సైన్యం నుంచి రిలీవ్ అయినవాళ్ల ఫైళ్లలో సుమారు 80 శాతం బూడిదైంది. వైమానిక దళం ఫైళ్లూ లక్షల్లో కాలాయి. నకళ్లు లేవు. మైక్రోఫిల్మ్ లేదు. ఏ ఫైలు పోయిందో చెప్పడానికి సూచిక కూడా లేదు.

మిగిలినవి కాలలేదు గానీ తడిసి ముద్దయ్యాయి. వాటిని ఆరబెట్టడానికి మెక్‌డోనెల్ డగ్లస్ కంపెనీలో అంతరిక్ష పరికరాలను పరీక్షించే శూన్యపు గదిని వాడారు. బుట్టల్లో తడి ఫైళ్లు పెట్టి, గాలి లాగేసి, నీటిని ఆవిరి చేశారు. అంచులు మాడిన ఆ కాగితాలను ఇప్పటికీ సిబ్బంది చేతి తొడుగులతో ఒక్కొక్కటిగా తీస్తుంటారు.

నౌకాదళం ఫైళ్లు ఆ మంటలో పోలేదు. అందుకే ఒక విచిత్రం మిగిలింది. 1946లో బికినీలో డెక్కు కడిగిన నావికుడి సర్వీసు ఫైలు దొరుకుతుంది, 1953లో నెవాడా కందకంలో కూర్చున్న సిపాయి ఫైలు దొరకదు.

లేని అంకెను కట్టడం

బ్యాడ్జి లేదు, ఫైలు లేదు. అయినా అర్జీ పెట్టుకున్నవాడి మోతాదు చెప్పాలి. దానికి ఒక పద్ధతి తయారైంది. ఆ రోజు అతని దళం ఎక్కడ ఉంది, పేలుడుకు ఎంత దూరం, ఎన్ని గంటలు, ఆ చోట మీటర్లు ఎంత చూపాయి, గాలి ఎటు వీచింది, ఎంత ధూళి పీల్చి ఉంటాడు… ఇవన్నీ కూర్చి లెక్క కడతారు. అలా వచ్చినవాటిలో ఎక్కువభాగం చిన్న అంకెలు. అధికారిక సగటు 0.6 రెమ్, అంటే 6 మిల్లీసీవర్టులు. ప్రకృతిలోనే మనకు ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టులు తగులుతాయి.

2003లో అమెరికా జాతీయ పరిశోధన మండలి ఈ లెక్కలను తనిఖీ చేసింది. 99 ఫైళ్లు తీసి ఒక్కొక్కటి చదివింది. ఎవరికైనా గరిష్ఠంగా ఎంత తగిలి ఉండవచ్చో చెప్పే పై అంచనాలు చాలా కేసుల్లో ఉండాల్సినదానికంటే తక్కువగా ఉన్నాయని, పీల్చిన ధూళి లెక్క సరిగా లేదని, చట్టం ప్రకారం సైనికుడికి దక్కాల్సిన సంశయలాభం చాలాచోట్ల దక్కలేదని తేల్చింది. మళ్లీ అదే నివేదిక, లెక్క సరిచేసినా చాలామందికి మోతాదు పరిహారపు గీత దాకా రాకపోవచ్చనీ చెప్పింది. రెండు మాటలూ చదవాలి. ఒక్కటే చదివి వాదించేవాళ్లు రెండువైపులా ఉన్నారు.

పెద్ద సంఖ్యలో సైనికుల మీద జరిగిన మరణాల అధ్యయనాలు మొత్తంమీద మరణాలు పెరిగినట్టు చూపలేదు. 2000లో వచ్చిన ఒకదానిలో రక్తక్యాన్సర్ మరణాలు 14 శాతం ఎక్కువగా కనిపించాయి, కానీ అది యాదృచ్ఛికం కావచ్చని గణాంకం చెప్పింది. అయితే రెండు లక్షల మంది సగటు, బికినీ సరస్సులో రెండు వారాలు డెక్కు రుద్దిన ఒక్కడి గురించి ఏమీ చెప్పదు. అతని సంగతి చెప్పాల్సింది అతని కార్డు. ఆ కార్డే లేదు.

ఒంట్లోనే మిగిలిన లెక్క

బ్రిటన్ 1952 నుంచి 1958 దాకా ఆస్ట్రేలియాలో, పసిఫిక్‌లోని క్రిస్మస్, మాల్డెన్ దీవుల దగ్గర బాంబులు పేల్చింది. ఇరవై వేలకు పైగా బ్రిటిష్ సైనికులు వెళ్లారు. బ్యాడ్జి రికార్డు ఉన్నది దాదాపు నాలుగోవంతు మందికి. సున్నా కాని అంకె ఉన్నవాళ్లు పదిమందిలో ఒక్కరు కూడా లేరు. పరీక్షల సమయంలో తమ రక్తం, మూత్రం తీసుకుని పరీక్షించారని, ఆ ఫలితాలు ఇమ్మని బ్రిటిష్ మాజీ సైనికులు, వాళ్ల పిల్లలు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు.

అదే క్రిస్మస్, మాల్డెన్ దీవుల పరీక్షలకు న్యూజిలాండ్ నౌకలు ‘పుకాకి’, ‘రొటోయిటి’ కూడా వెళ్లాయి. మాసీ విశ్వవిద్యాలయంలో అల్ రోలండ్ బృందం 50 మంది ఆ నావికుల రక్తాన్ని, అదే వయసున్న మరో 50 మంది రక్తంతో పోల్చింది. రేడియేషన్ తగిలితే క్రోమోజోములు విరిగి, ముక్కలు తారుమారుగా అతుక్కుంటాయి. ఆ అతుకులు దశాబ్దాల పాటు రక్తకణాల్లో కనిపిస్తాయి. 2007లో వచ్చిన ఫలితం: పోల్చిన గుంపులో వెయ్యి కణాలకు 10 తారుమార్లు ఉంటే, నావికుల్లో 29. యాభై ఏళ్ల తర్వాత కూడా! చిన్న అధ్యయనమే. 2022లో బ్రిటిష్ సైనికుల కుటుంబాల మీద జరిగిన మరో చిన్న అధ్యయనం, వాళ్ల పిల్లల్లో జన్యుమార్పులు ఎక్కువగా లేవని చెప్పింది. తండ్రులకు అది కొంత ఊరట. బ్రిటన్ ఈ సైనికులకు పతకం ప్రకటించింది కూడా ఆ ఏడాదే, నవంబరులో. మొదటి బాంబుకు అప్పటికి డెబ్బై ఏళ్లు.

రష్యాలో, సహారాలో

1954 సెప్టెంబరు 14న సోవియట్ సైన్యం ఓరెన్‌బర్గ్ ప్రాంతంలోని టోట్‌స్కోయే దగ్గర 40 కిలోటన్నుల బాంబును 350 మీటర్ల ఎత్తున పేల్చి, సుమారు 45,000 మందితో యుద్ధ విన్యాసాలు చేయించింది. నడిపించింది మార్షల్ జూకోవ్. పాల్గొన్నవాళ్లతో 25 ఏళ్లు నోరు మెదపబోమని సంతకాలు తీసుకున్నారు. జబ్బు చేసి ఆస్పత్రికి పోయినా డాక్టరుకు ఆ సంగతి చెప్పకూడదు.

ఫ్రాన్స్ సహారాలో పేల్చింది. 1962 మే 1న ఇన్ ఎకెర్ కొండలో ‘బెరిల్’ పరీక్ష సొరంగం నుంచి రేడియోధార్మిక మేఘం బయటకు తన్నుకొచ్చింది. చూడ్డానికి వచ్చిన ఇద్దరు మంత్రులు, పియర్ మెస్మెర్, గాస్టన్ పలెవ్‌స్కీ, సిపాయిలతో పాటు పరుగెత్తారు. పలెవ్‌స్కీ 1984లో రక్తక్యాన్సర్‌తో పోయాడు, అది ఆ రోజు అంటుకున్నదేనని ఆయన నమ్మకం. ఫ్రాన్స్ పరిహారపు చట్టం 2010లో వచ్చింది.

మన ఎక్స్‌రే గదిలో

మన దగ్గర ఏ ఆస్పత్రి ఎక్స్‌రే గదికి వెళ్లినా టెక్నీషియన్ ఛాతీమీద చిన్న బ్యాడ్జి కనిపిస్తుంది. దాన్ని టీఎల్‌డీ అంటారు. లోపల అల్యూమినియం రేకుకు బిగించిన మూడు బిళ్లలుంటాయి. రేడియేషన్‌ను పట్టి ఉంచుకుని, వేడిచేసినప్పుడు కాంతిగా వదిలేస్తాయి, ఆ కాంతిని కొలుస్తారు. ప్రతి వ్యక్తి అంకె బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) నడిపే జాతీయ రిజిస్టర్లో చేరుతుంది. ఉద్యోగం మారినా లెక్క వెంట వస్తుంది. ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మన హద్దు. బ్యాడ్జి గదిలో తగిలించేసి ఇంటికి వెళ్లే అలవాటు కొందరికుంది. అమ్మా, అయ్యా, దయచేసి అలా చేయకండి. రేపు మీ తరఫున మాట్లాడాల్సింది అదే.

మోతాదు కాదు, హాజరు

అమెరికా సైనికులను కూడా గోప్యతా ప్రమాణం కట్టిపడేసింది. దాని వెనకున్న చట్టాలను 1996లో రద్దు చేశారు. భార్యకు కూడా చెప్పకుండా నలభై ఏళ్లు దాచినవాళ్లున్నారు. మోతాదు రుజువు చేయమని అడగడం దండగని చట్టానికి అంతకుముందే తెలిసొచ్చింది. 1988 చట్టం, నువ్వు ఫలానా పరీక్షలో ఉన్నావు, నీకు ఈ జాబితాలోని క్యాన్సర్ వచ్చింది, అంతే చాలు అంది. 13 జబ్బులతో మొదలైన ఆ జాబితా తర్వాత పెరిగింది. 1990 చట్టం హాజరైన సైనికులకు 75,000 డాలర్లు ఇచ్చింది. 2024 జూన్‌లో దాని గడువు తీరింది, 2025 జులైలో మళ్లీ ప్రాణం పోసి లక్ష డాలర్లు చేశారు. 1977-80 మధ్య ఎనివెటాక్ దీవుల్లో పాత పరీక్షల చెత్త ఎత్తిన సైనికులకు గుర్తింపు 2022 చట్టంతో గానీ రాలేదు.

ఇప్పుడు రుజువు చేయాల్సింది హాజరే. ఫైలు కాలిపోయినవాళ్లకు పాత జీతాల పట్టీలు, ఓడల లాగ్ బుక్కులు, దళాల మార్నింగ్ రిపోర్టులు దిక్కు. మార్నింగ్ రిపోర్టు అంటే ప్రతి ఉదయం కంపెనీ గుమాస్తా రాసే పత్రం: ఇవాళ ఎవరు చేరారు, ఎవరు సెలవు మీద పోయారు, ఎవరు ఆస్పత్రిలో పడ్డారు. పంటినొప్పితో ఒకరోజు ఆస్పత్రికి పోయినందుకు అందులో ఎక్కిన పేరు కూడా, ఫలానా నెలలో ఆ సిపాయి నెవాడాలో ఉన్నాడని చెప్పే సాక్ష్యమే.